తిరుగు సరుకు

మా మామ పోయిన రోజు పొద్దున చూలైలో వాళ్ళ ఇంటి ముందు షామియానా వేశారు, కుర్చీలు దించారు. వచ్చినవాళ్ళ గొంతు తడపాలని ఎవరో మంచి మనసుతోనే వీధి చివరి టీ కొట్టు నుంచి కాఫీ, దాంతోపాటు ఒక కట్ట కాగితం కప్పులు తెప్పించారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూచున్న మా అత్త ఆ కప్పుల కట్ట చూసి తలెత్తింది.

"అవి లోపలికి తేవొద్దండి. ఆయన ఇంకా ఈడనే ఉండారు" అంది.

అంతే. చుట్టుపక్కల ఇళ్ళ నుంచి స్టీలు గ్లాసులు వచ్చాయి. సౌకార్‌పేట నుంచి వచ్చిన టోకు వ్యాపారులు, తెల్లచొక్కాల పెద్దమనుషులు, కాఫీ తాగి ఎవరి గ్లాసు వాళ్ళు కడగడానికి కుళాయి దగ్గర వరస కట్టారు. ఆ వరసలో ఒకాయన పక్కాయనతో, "పోయినాక గూడా మనల్ని ఊరికే కూచోనీలేదు చూడు" అన్నాడు. ఏడుస్తున్న మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మామ మా అమ్మకు చిన్నన్న. ఆయనా, ఆయన అన్న అయిన మా పెద్దమామా కలిసి సౌకార్‌పేటలో కరెంటు సామాన్ల టోకు కొట్టు నడిపేవారు. వైర్లు, స్విచ్చులు, బల్బులు, ఫోను చార్జర్లు, చిన్న చిన్న ఫ్యాన్లు. తాతముత్తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈ అరవ ఊళ్ళో పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్లో అరవం, బేరం ముదిరితే హిందీ.

మనిషి పొట్టి. ఎప్పుడూ ఎదురుగాలిలో పోతున్నవాడిలా ముందుకు వంగి నడిచేవాడు. చంకన పసుపుపచ్చ గుడ్డసంచి. అందులో ఒక స్టీలు డబ్బా, ఒక గ్లాసు, ఒక స్క్రూడ్రైవరు. డబ్బా హోటలు సాంబారుకి. గ్లాసు పెళ్ళిళ్ళకి. పంక్తిలో ఆకు పక్కన చిన్న నీళ్ళ సీసా పెడితే దాన్ని తీసి వడ్డించేవాడి చేతికే ఇచ్చి, తన గ్లాసు చాపి, "జగ్గులో ఉంటే పొయ్యప్పా" అనేవాడు. జగ్గు వచ్చేదాకా చాపిన చెయ్యి దించేవాడు కాదు. ఒక్కోసారి వడ్డనంతా ఆగిపోయేది. పక్కన కూచున్న పిల్లలం మేం సిగ్గుతో ఆకులోకి తల దూర్చేవాళ్ళం. ఆయనకు సిగ్గు తెలియదు. తను చేసేది మంచి పని అని నమ్మినప్పుడు ఆయన మొహంలో ఒక నిదానం వచ్చేది, తొందరపడాల్సింది ఎదుటివాళ్ళే అన్నట్టు.

స్క్రూడ్రైవరు ఎవరింటికి వెళితే వాళ్ళింట్లో బయటికి వచ్చేది. ఇస్త్రీపెట్టె గానీ రేడియో గానీ మూలన పడి ఉంటే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "సచ్చిందా, నిద్రపోతా ఉండాదా?" అని దాన్నే అడిగేవాడు. సగానికి సగం నిద్రపోతున్నవే. మా ఇంటి మిక్సీని ఎన్నిసార్లు లేపాడో మాకే గుర్తులేదు.

మాటకు మాట అంటించడం ఆయనకు సరదా. "ఈ ఊర్లో కుప్ప అంటే చెత్త. మన తెలుగులో కుప్ప అంటే కళ్ళంలో వరి కుప్ప. నాకు రెండూ ఒకటే. రెంటినీ తూర్పారబడితే గింజ దొరుకుతాది" అనేవాడు. ఆయన పుట్టి పెరిగింది నగరం నడుమ చూలైలో. జీవితంలో కళ్ళం చూసి ఉంటాడని నేననుకోను.

డబ్బా, గ్లాసు వాళ్ళమ్మ నేర్పిన పొదుపు. కొట్టు ముందు పాడైన సామాన్లకు పెట్టిన గంప మాత్రం నా కళ్ళ ముందు పుట్టింది.

మా ఇల్లు ఊరి అంచున మాధవరంలో, పాల కాలనీ వెనక. ఒక ఆదివారం మామ భోజనానికి వచ్చాడు. అన్నం కలుపుతుండగా గాలి తిరిగింది. అమ్మ లేచి గబగబా కిటికీలు మూసింది.

"ఏం చెల్లెమ్మా, ఈ ఎండలో కిటికీలు మూస్తావు?"

"వెనక ఖాళీ జాగాలో వైర్లు కాలుస్తారన్నా, రాగి కోసరం. ఈ పొగ పీలిస్తే గొంతు పట్టేస్తాది. మాకు అలవాటైపోయింది, నువ్వు తిను."

మామ తిన్నాడు. ఆకులో మెతుకు వదిలే మనిషి కాదు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, వెనకదారిన బయలుదేరాడు. వద్దంటే వినడని తెలిసి నేనూ వెంట పోయాను.

ఖాళీ జాగా అంతా నల్లటి మచ్చలు. పాత మంటలు కాలి ఆరిన చోట్లు. మధ్యలో పచ్చగా, నీలంగా రంగులు మారుతున్న మంట. దాని పక్కన ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక మొగుడూ పెళ్ళామూ. వాళ్ళ వెనక వైర్ల చుట్టలు, పగిలిన చార్జర్లు, ఫోన్ల పెంకులు. మామ గొంతుక్కూచుని ఆ పోగులోంచి సగం కరిగిన చార్జరు ఒకటి తీశాడు. అలవాటు కొద్దీ చెవి దగ్గరికి ఎత్తబోయి ఆగిపోయాడు. దాని మీద ఎర్ర తామర బొమ్మ ఉన్న చిన్న చీటీ అతికించి ఉంది. మామ కొట్టులో అమ్మే ప్రతి సామాను మీదా, గ్యారంటీకి గుర్తుగా అంటించే చీటీ అది.

"ఇది నా కొట్టు సరుకమ్మా" అన్నాడు.

ఆమె బెదిరిపోయి లేచి నిలబడింది. "మేము దొంగతనం చెయ్యలేదు సామీ. పాత సామాన్ల కొట్టులో తూకానికి కొన్నాము. ఆయన్నే అడగండి."

"దొంగతనం అని ఎవురన్నారు? నేను అమ్మినా. నేను అమ్మింది ఈడ పొగై మా చెల్లెలి ఇంట్లోకి వస్తా ఉండాది. నీ ఊపిరిలోకీ పోతా ఉండాది. కాల్చకపోతే కాదా?"

"కత్తితో గీకితే దినమంతా గీకినా పిడికెడు రాగి రాదు. కాలిస్తే బిరీన వచ్చేస్తాది. పండుకుంటే దగ్గొస్తాది, అంతే గదా."

"అంతే గదా" అన్నాడు మామ, తనలో తను.

ఆమె పేరు రవణమ్మ. పేరు అడిగి, వాళ్ళ ఇల్లెక్కడో అడిగి వెనక్కి వచ్చాం. మామ మా వరండాలో కూచుని చెప్పులకంటిన మసి దులిపాడు. అమ్మతో అన్నాడు: "కుప్పలో పారేస్తే ఊరవతలకి పోతాది అనుకుంటా ఉండినా చెల్లెమ్మా. ఊరవతల మీ ఇల్లు ఉండాది."

ఆ వారంలోనే సౌకార్‌పేట కొట్టు గుమ్మంలో ఒక పెద్ద వెదురు గంప వెలిసింది. దాని మీద అరవంలో ఒక బోర్డు. మా దగ్గర కొన్నది పాడైతే మాకే తెచ్చివ్వండి, పారేయకండి అని దాని అర్థం. 

పెద్దమామ పొద్దున్నే వచ్చి లక్ష్మీదేవి పటం ముందు దీపం పెట్టి, వెనక్కి తిరిగి గంపను చూశాడు. ఆయన నిలువెత్తు మనిషి, నుదుట నామం, గొంతు ఎత్తకుండానే అందరినీ భయపెట్టగలడు.

"దేవి ముందర పీనుగులు పెట్టినావేంరా?"

"మనం కన్న బిడ్డలే గదన్నా."

"నలుగురూ నవ్వుతారు. ఈ కొట్టులో కొంటే పాడైపోతాదని నువ్వే బోర్డు కట్టినట్టు ఉండాది."

"పాడైపోని సరుకు ఈ వీధిలో ఎవురు అమ్ముతా ఉండారు? అందరూ చెప్పకుండా అమ్ముతారు. మనం చెప్పి అమ్మదాం."

"అయితే ఆ గంపతోనే మాట్లాడుకో" అన్నాడు పెద్దమామ.

నిజంగానే మాట మానేశాడు. ఒకే గల్లా దగ్గర, ఒకే బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూచునేవారు. ఏదైనా చెప్పాల్సి వస్తే పెద్దమామ ఎదురుగా ఉన్న కొనుగోలుదారుకి చెప్పేవాడు. "ట్యూబులైట్లు వచ్చినాయా అని ఆయన్ను అడుగప్పా" అనేవాడు. ఏమీ తెలియని ఆ మనిషి మామ వైపు తిరిగి అడిగేవాడు. మామ వినయంగా, "సాయంత్రం వస్తాయని అన్నకు చెప్పప్పా" అనేవాడు. ఈ కాపురం చూడటానికే వీధిలోవాళ్ళు వచ్చి ఒక బల్బు కొనుక్కుపోయేవాళ్ళని అత్త చెప్పేది.

గంప నిండింది. నిండినదాన్ని ఏం చెయ్యాలన్నది అసలు సమస్య. ఊరి బయట, ఇలాంటి సామాన్లు విడగొట్టి లోహాలు తీయడానికి సర్కారు అనుమతి ఉన్న కంపెనీ ఒకటి ఉందని తెలుసుకుని మామ బస్సెక్కి పోయాడు. గంపకోసం బండి పంపలేం, ఒక లారీ నిండితే చెప్పండి అన్నారు వాళ్ళు. ఇంకొకరైతే అక్కడితో మానేసేవాళ్ళు. మామ తిరిగొచ్చి, "లారీనా, సరి" అని, వీధిలో ఉన్న కొట్టు కొట్టుకీ పోయి గంపలు పెట్టమని అడగడం మొదలుపెట్టాడు. కొందరు పెట్టారు. కొందరు పెట్టి అందులో అరటితొక్కలు వేశారు. మామ తొక్కలు ఏరి ఆవుకి వేసి, గంప దులిపి మళ్ళీ అక్కడే పెట్టేవాడు. ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. కొన్నాళ్ళకు తొక్కలు వేసేవాళ్ళకే విసుగొచ్చింది.

సరుకు తెచ్చే కంపెనీలనూ వదల్లేదు. పెట్టెలో పెట్టె, దాంట్లో థర్మోకోలు, దాని మీద ప్లాస్టిక్కు. "ఇంత దుప్పటి కప్పుకుని ఏ ఊటీ నించి వచ్చిందప్పా ఈ బల్బు?" అని ఫోనులో అడిగేవాడు. ఖాళీ అట్టపెట్టెలు మడిచి, సరుకు దించిన లారీలోనే తిరుగు సరుకుగా ఎక్కించేవాడు. మొదట డ్రైవర్లు గొణిగారు. తరవాత వాళ్ళే తాడు పట్టుకుని నిలబడేవాళ్ళు.

చూలైలో ఇంటి పక్కన మూతబడ్డ పాత లేతు మరల షెడ్డు ఒకటి ఉండేది. దాన్ని బాగుచేయించి, వైరు పైతొడుగు చీల్చే చిన్న మరను తెప్పించి పెట్టాడు. చేత్తో తిప్పితే వైరు ఒక పక్క నుంచి పోయి, రబ్బరు ఒలుచుకుని, మెరిసే రాగితీగై రెండో పక్క వచ్చేది. రవణమ్మనీ ఆమె మొగుణ్ణీ పిలుచుకొచ్చి చూపించాడు. ఆమె మరను చుట్టూ తిరిగి చూసింది.

"మంట లేదా?"

"మంట లేదు."

"పోలీసులు వస్తారని పరిగెత్తే పని?"

"అదీ లేదు. వచ్చే రాగి మీదే. ఫోన్లలో, టీవీల్లో పచ్చ బోర్డులు ఉంటాయే, వాటిని మాత్రం పగలగొట్టొద్దమ్మా. విషం. అట్లే మూట కడితే కంపెనీ చూసుకుంటాది."

రవణమ్మ మర పిడి పట్టుకుని ఒకసారి తిప్పి చూసింది. వచ్చిన తీగను మొగుడి చేతికిచ్చి, "రేపు నించి వస్తాము" అంది.

అంతా బాగా సాగుతున్న ఆ ఎండాకాలంలోనే దెబ్బ తగిలింది. గుమ్మంలో నిండాక కొట్టు వెనక గదిలోకి చేర్చిన గంపలో ఎవరో ఉబ్బిన ఫోను బ్యాటరీ వేసి ఉన్నారు. దాని మీద ఇస్త్రీపెట్టె పడింది. మిట్టమధ్యాహ్నం టప్పున చప్పుడై మంట లేచింది. లోపల పెద్దమామ ఉన్నాడు. మామ ముందు అన్న రెక్క పట్టి బయటికి నెట్టి, తడి గోనెపట్టా కప్పి గంపను వీధిలోకి ఈడ్చాడు. ఎదురుగా కడుతున్న ఇంటి ముందు ఇసుక ఉంటే అందరూ తెచ్చి పోశారు. మంట ఆరింది. వెనక గదిలో ఒక గోడ, దాని మీది చెక్క అరలు బొగ్గయ్యాయి. మామ ముంజేయి మోచేతిదాకా కాలింది.

వీధంతా మూగింది. మేం ముందే చెప్పాం అన్న చూపులు. మామ మెట్టు మీద కూచుని, చేతికి ఎవరో మందు రాస్తుంటే, అందరికీ వినబడేట్టు చెప్పాడు: "తప్పు నాది. బ్యాటరీలను వైర్లతో కలిపినా. ఇంక కలపను."

ఇక మానేస్తాడని అనుకున్నాం. మర్నాడు చేతికి కట్టుతో వచ్చి, ఇంకో గంప కొని, ఈసారి కొట్టు లోపల కాకుండా బయటి అరుగు మీద పెట్టాడు. దాని పక్కన పొడి ఇసుక పోసిన ఇనపబక్కెట్టు, బ్యాటరీలకు వేరుగా. వచ్చిన ప్రతి ఫోనూ బ్యాటరీ తీయడానికి ఆయన చేతిలోంచే పోయేది. గోడకు సున్నం వేయించి, కాలిన అరలు మాత్రం కొన్నాళ్ళు తీయనివ్వలేదు. "ఉండనీ. నాకు బుద్ధి చెప్పేదానికి ఎవురన్నా ఉండాల గదా" అన్నాడు.

గంప మళ్ళీ పెట్టిన ఆ రోజే పెద్దమామ బల్బులు కొనడానికి వచ్చిన ఒక మనిషితో, "ఆ చేతికి నీళ్ళు తగలనీవొద్దని ఆయనకు చెప్పప్పా" అన్నాడు. చెప్పి, లేచి పటం ముందు దీపం ఎగదోశాడు.

వానలు మొదలయ్యే ముందు కంపెనీ లారీ పంపడానికి ఒప్పుకుంది. చూలైకి, షెడ్డు ముందుకి. అయితే ఒక మాట చెప్పారు. లారీ నిండకపోతే మళ్ళీ రాలేం అన్నారు. పొద్దున్నే అమ్మా నేనూ కూడా పోయాం. రవణమ్మ మూటలన్నీ కట్టి వరసగా పేర్చి ఉంచింది. ఎక్కించడం మొదలైంది. షెడ్డు ఖాళీ అయ్యేసరికి లారీలో ఇంకా చాలా జాగా మిగిలింది. లారీతో వచ్చిన కంపెనీ మనిషి లోపలికి తొంగి చూసి పెదవి విరిచాడు.

"అరగంట ఆగు తంబీ" అన్నాడు మామ.

సంచి చంకన పెట్టుకుని వీధిలో పడ్డాడు. ప్రతి ఇంటి గుమ్మంలో నిలబడి ఒకటే మాట: "పాతవి ఏమన్నా ఉండాయా? మంచం కింద చూడండి, అటక మీద చూడండి." జనం చూశారు. పాత మిక్సీలు, కేబుల్ పెట్టెలు, ఇస్త్రీపెట్టెలు, కీబోర్డులు, ఒక పెద్ద పాతకాలపు టీవీ. నవ్వుతూ, ఒకరినొకరు పిలుచుకుంటూ తెచ్చారు. లారీలో మట్టం పెరిగింది. అయినా వెనక భాగం ఖాళీగానే ఉంది. కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు. రవణమ్మ కొంగు నడుముకు చుట్టి మామ మొహం చూస్తూ నిలబడింది. ఆ లారీ మళ్ళీ రాకపోతే ఆమె పోవాల్సింది ఆ నల్లమచ్చల జాగాకే.

అప్పుడు పక్కనున్న వాళ్ళ ఉమ్మడి ఇంటి మేడ మీది నుంచి గొంతు వినిపించింది. "ఎంత తక్కువ పడిందిరా?"

అందరం తలెత్తాం. పెద్దమామ పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు. మధ్యలో ఎవరినీ పెట్టకుండా తమ్ముడితో మాట్లాడటం గంప వచ్చినప్పటి నుంచి అదే మొదలు.

"ఇంకొంచెం అన్నా" అన్నాడు మామ. "ఒక రూమంత."

ఆ మాట కావాలనే అన్నాడో, నోట అలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే మేడ మీద వీధి వైపు గది నిండా అమ్ముడుపోని పాత సరుకు ఉంది. వాళ్ళ నాయన కాలం నాటి నుంచి. టేపురికార్డర్లు, యాంటెన్నా పెట్టెలు, వైరున్న పాత ఫోన్లు, ట్యూబులైటు చోకులు. దాని తాళంచెవి పెద్దమామ మొలతాడుకే ఉండేది. సరుకు సావదు, దాని కాలం మళ్ళీ వస్తాది అనేవాడు. ఆ గది జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు.

పెద్దమామ లోపలికి పోయాడు. కోపం వచ్చిందనుకున్నాం. మెట్లు దిగి వచ్చి తాళంచెవి తమ్ముడి ముందు పట్టాడు.

"నువ్వే తియ్యి. నా చేత్తో నేను పారెయ్యలేను."

"పారేసేది లేదన్నా. పంపిస్తా ఉండాము" అన్నాడు మామ. కాలిన మచ్చలున్న చేత్తోనే తాళంచెవి అందుకున్నాడు.

మెట్ల మీద మనుషులు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్క పెట్టే చేతులు మారుతూ దిగింది. పెద్దమామ కింద గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, ఏ పెట్టె పోతుంటే దాని కథ చెప్పాడు. "ఇది నాయన బొంబాయి పోయి తెచ్చినాడు. ఇది తమ్ముడి పెళ్ళి సంవత్సరం వచ్చింది." రవణమ్మ ఆయన చెప్పడం అయ్యేదాకా ఆగి, అప్పుడు పెట్టె ఎత్తేది. లారీ తలుపు వేయడానికి ఇద్దరు భుజాలు పెట్టి నెట్టాల్సి వచ్చింది.

ఆ తరవాత జరిగినవి ఇంకా ఉన్నాయి. లారీ మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. షెడ్డు ఇప్పుడు రవణమ్మది. మాధవరంలో మా ఇంటి వెనక పొగ ఒక్కరోజులో ఆగలేదు. రవణమ్మే పోయి మిగతావాళ్ళను ఒక్కొక్కరినీ పిలుచుకొచ్చింది. సౌకార్‌పేటలో ఇప్పుడు గంప లేని కొట్టును చూసి జనం ఎందుకు లేదని అడుగుతారు. ఇవన్నీ మామ చూసే పోయాడు. కానీ ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ రోజు లారీ వీధి మలుపు తిరిగిన తరవాత జరిగింది.

అత్త కాఫీ ఇచ్చి రమ్మంటే గ్లాసులు పట్టుకుని మేడ మీదికి పోయాను. అన్నదమ్ములిద్దరూ ఆ గదిలో, నేల మీదే కూచుని ఉన్నారు. గోడల మీద పెట్టెలు ఆనిన చోట్ల తెల్లటి చదరాలు. మాట్లాడితే గొంతు మోగుతోంది.

"ఇంత పెద్ద రూమా ఇది?" అన్నాడు పెద్దమామ. చుట్టూ చూశాడు. "ఇందులో ఏం పెడదాంరా?"

"ఏమీ వొద్దన్నా. కొన్నాళ్ళు గాలి ఆడనీ."

పెద్దమామ లేచి వీధి వైపు కిటికీ దగ్గరికి పోయాడు. ఏళ్ళ తరబడి తెరవక గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లాగాడు, రాలేదు. మామ లేచి పోయి పక్కన నిలబడి తనూ చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి నెడితే రెక్కలు కిర్రుమని విడిపోయాయి. గాలితోపాటు చూలై వీధి చప్పుడంతా ఆ గదిలోకి వచ్చిపడింది. కాఫీ చల్లారిపోతోందని చెప్పాలనుకున్నాను. ఊచలు పట్టుకుని పక్కపక్కన నిలబడి వీధిలోకి చూస్తున్న ఆ ఇద్దరినీ కదిలించబుద్ధి కాలేదు. గ్లాసులు గుమ్మం పక్కన పెట్టి చప్పుడు చేయకుండా కిందికి దిగాను.